స్మారకముద్ర – పదముద్ర: మీరాబాయి వెండి నాణెంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మీరాబాయి 525వ జయంతి సందర్భంగా భారత ప్రభుత్వం 2023లో 525 రూపాయల స్మారక నాణేన్ని విడుదల చేసింది. ఆ నాణేన్ని ఒక సాహిత్య స్మారకంగా స్వీకరించి, అది మీరాను ఏ రూపంలో స్థిరపరుస్తున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నాణెం హామీ పడుతున్న జన్మసంవత్సరం, ముఖచిత్రం రెండూ మీరా సంప్రదాయంలో మిక్కిలి అనిశ్చితమైన అంశాలు. ఆమె పేరును ఐదు శతాబ్దాలు నిలిపినవి పదం చివర ఉండే ముద్ర, నోటి నుండి నోటికి సాగిన చెలామణి. ఈ రెండు ముద్రల మధ్య భేదాన్ని వివరించడం, స్మారకరూపంలో జారిపోయిన మీరా ధిక్కారస్వరాన్ని గుర్తించడం ఈ వ్యాస లక్ష్యాలు. తులనకు వేమన మకుటాన్ని, అన్నమయ్య రాగిరేకులను స్వీకరించడమైంది.

కీలక పదాలు: మీరాబాయి, స్మారక నాణెం, ముద్ర, మకుటం, భక్తి కవిత్వం, మౌఖిక సంప్రదాయం, అన్నమయ్య, వేమన.

1. ప్రవేశిక

తెలుగు పాఠకులకు స్మారక నాణెం అపరిచితమైనది కాదు. నందమూరి తారక రామారావు శతజయంతిని పురస్కరించుకొని హైదరాబాదు టంకశాలలో తయారైన 100 రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. ఆ నాణెం మీది ముఖాన్ని పోల్చుకోవడానికి ఏ తెలుగువారికీ కింద రాసిన పేరుతో పని లేదు. వందల చలనచిత్రాలు, వేల ఛాయాచిత్రాలు ఆ రూపానికి సాక్ష్యం. నాణెం చేసినదల్లా అందరూ ఎరిగిన ముఖాన్ని లోహంలోకి దించడం.

మూడు నెలలు తిరగకుండానే, 2023 నవంబరు 23న మథురలో జరిగిన సంత్ మీరాబాయి జన్మోత్సవంలో ప్రధానమంత్రి 525 రూపాయల స్మారక నాణేన్ని, ఒక తపాలా బిళ్లను విడుదల చేశారు. రెండు నాణేలూ ఒకే చట్టం కింద, ఒకే ఆనవాయితీతో వెలువడినవే. అయితే మీరా విషయంలో పోల్చుకోవడానికి మూలమైన ముఖం లేదు. ఆమె జీవించిన కాలంలో గీసిన చిత్రమేదీ మనకు చేరలేదు. ఆమె చేతివ్రాత లేదు, ఆమె పేర వెలసిన శాసనం లేదు. ఉన్నవి పాటలు, పాటల చుట్టూ అల్లుకున్న కథలు. ఇంత అస్థిరమైన సంప్రదాయాన్ని లోహంపై స్థిరపరచినప్పుడు ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్నది సాహిత్య విమర్శ వేసుకోవలసిన ప్రశ్న.

2. నాణెం ఒక పాఠ్యం

2011 నాటి నాణేల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం వెయ్యి రూపాయల విలువ వరకు నాణేలను ముద్రించవచ్చు. స్మారక నాణేలు ఈ చట్టం పరిధిలోనివే అయినా బజారులో కనిపించవు. టంకశాలలు వాటిని అందమైన పెట్టెల్లో అమర్చి, ముఖవిలువ కంటే ఎక్కువ ధరకు సేకర్తలకు విక్రయిస్తాయి. కొన్నవారు వాటిని ఖర్చు చేయరు, దాచుకుంటారు. నాణెం అనే వస్తువుకు ప్రాణమైన చెలామణి ఇక్కడ మొదటి నుంచే లేదు.

ముఖవిలువను కూడా జాగ్రత్తగా చదవాలి. గురునానక్ 550వ జయంతికి 550 రూపాయలు, గురు తేగ్ బహదూర్ 400వ జయంతికి 400 రూపాయలు, గురు గోవింద్ సింగ్ 350వ జయంతికి 350 రూపాయల నాణేలు వెలువడ్డాయి. ఆ వరుసలోనిదే మీరా నాణెంపై ఉన్న 525. మామూలు నాణెం మీది అంకె దానితో ఏమి కొనవచ్చో చెబుతుంది. ఈ అంకె ఎన్నేళ్లు గడిచాయో చెబుతున్నది. ధర ఉండవలసిన చోట వయస్సు వచ్చి చేరింది. అందువల్ల మీరా పుట్టిన సంవత్సరం నాణెపు విలువలోనే ఇమిడిపోయింది. ఆ సంవత్సరాన్ని ప్రశ్నిస్తే నాణెపు అంకెనే ప్రశ్నించినట్లవుతుంది.

మరొక సూక్ష్మాంశం కూడా గమనార్హం. నాణెం ఎగరేసి ‘బొమ్మా? బొరుసా?’ అని అడిగినప్పుడు మనిషి ముఖం ఉన్న వైపే బొమ్మ అనుకోవడం సహజం. ప్రభుత్వ పరిభాషలో మాత్రం అశోక స్తంభపు సింహశీర్షం, ‘సత్యమేవ జయతే’ ఉన్నదే ముందు వైపు. ఎవరి స్మరణలో నాణెం వెలువడుతుందో వారి చిత్రం వెనుక వైపు ఉంటుంది. అంటే అధికారిక పఠనంలో మీరా ఉన్నది బొరుసు వైపు. ఒక రాజ్యం నుండి బయటికి నడిచిన స్త్రీగా సంప్రదాయం చెప్పుకొనే కవయిత్రికి ఇప్పుడు మరొక రాజ్యపు లాంఛనం హామీగా నిలుస్తున్నది.

3. చరిత్రలో మీరా: కదిలే ఆధారాలు

పండితులు ఎక్కువగా అంగీకరించిన జీవితరేఖ ఇది: మీరా 1498 ప్రాంతంలో మేడతా రాఠోడుల కుటుంబంలో జన్మించింది. తండ్రి రతన్ సింగ్, తాత రావ్ దూదా. 1516లో మేవాడ్ రాణా సాంగా కుమారుడు భోజరాజుతో వివాహమైంది. కొద్ది సంవత్సరాలకే భర్త మరణించాడు. మెట్టినింటి వేధింపులు భరించలేక ఆమె బృందావనానికి, ఆ తరువాత ద్వారకకు వెళ్లింది. 1546 ప్రాంతంలో ద్వారకలోనే ఆమె కథ ముగుస్తుంది.

ఈ రేఖ తిన్నగా కనిపించడానికి చాలా కాలం పట్టింది. 1829లో జేమ్స్ టాడ్ తన రాజస్థాన్ చరిత్రలో మీరాను రాణా కుంభా భార్యగా పేర్కొన్నాడు. కుంభా 1468లోనే మరణించాడు. ఆ మాట నిజమైతే మీరా పుట్టుక మరో అర్ధశతాబ్దం వెనక్కి జరగాలి. తరువాతి పరిశోధకులు రాజవంశాల వంశావళులతో పోల్చి ఆమెను భోజరాజు పక్కన నిలిపారు. 1712లో ప్రియాదాసు రాసిన ‘భక్తమాల్’ వ్యాఖ్యలో అక్బరు, తాన్‌సేన్ మీరా దర్శనానికి వస్తారు. 1546 ప్రాంతంలో కన్నుమూసిన మీరాను 1556లో సింహాసనమెక్కిన అక్బరు చక్రవర్తిగా దర్శించడం కాలగణనకు లొంగదు. భక్తుల కథనానికి ఆ చిక్కు లేదు, ఎందుకంటే చక్రవర్తి కూడా తలవంచాడని చెప్పడమే దాని ఉద్దేశం.

1600 ప్రాంతపు నాభాదాసు ‘భక్తమాల్’లోని ఛప్పయ్ పద్యం మీరా గురించిన తొలి ప్రస్తావనలలో ముఖ్యమైనది. అందులో జన్మసంవత్సరం లేదు, భర్త పేరు లేదు, రాజ్యం పేరు కూడా లేదు. ఉన్నవి వేరు: లోకలజ్జను, కులపు సంకెళ్లను తెంచుకున్న తెగువ, గోపికల వంటి ప్రేమ, దుష్టులు ఇచ్చిన విషం అమృతమైన వైనం. తొలి స్మృతిలో మీరా ఒక తేదీగా గానీ ఒక ముఖంగా గానీ నిలవలేదు, ఒక ఎదిరింపుగా నిలిచింది. నాణెం ఎంచుకున్న అంశాలకూ తొలి స్మృతి ఎంచుకున్న అంశాలకూ మధ్య ఉన్న దూరం ఇక్కడే స్పష్టమవుతుంది.

4. రెండు ముద్రలు

తెలుగులో ‘ముద్ర’ అనే పదం టంకశాలకూ పదకవిత్వానికీ ఉమ్మడి ఆస్తి. నాణెం మీద వేసే గుర్తు ముద్ర. పదం చివర వాగ్గేయకారుడు వేసుకునే గుర్తూ ముద్రే. క్షేత్రయ్యకు మువ్వగోపాలుడు, అన్నమయ్యకు వేంకటేశుడు, మీరాకు గిరిధర నాగరుడు. హిందీ అలంకారికులు దీనిని ‘ఛాప్’ అంటారు. ఆ మాటకూ అచ్చు, ముద్ర అనే అర్థాలే.

పేరు ఒకటైనా ఈ రెండింటి ధర్మం ఒకటి కాదు. టంకశాల ముద్ర ఒక్కరిది. దానిని మరొకరు వేస్తే నేరం. పదముద్ర అలా కాదు. మీరా పేరుతో ముగిసే పదాలలో ఆమె రచించినవి ఏవి, తరువాత చేరినవి ఏవి అన్న ప్రశ్నకు తుది సమాధానం దొరకలేదు. పరశురామ్ చతుర్వేది పరిష్కరించిన ప్రసిద్ధ సంకలనంలో సుమారు రెండు వందల పదాలున్నాయి. జనశ్రుతిలో ఉన్నవి అంతకు ఎన్నో రెట్లు. ప్రాచీన వ్రాతప్రతులలో దొరికేవి మాత్రం చాలా కొద్ది. 1604 నాటి కర్తార్‌పూర్ గ్రంథప్రతిలో మీరా పేరుతో ఒక పదం చేరి, ఆపై కొట్టివేతకు గురైంది. చేర్చిన చేయీ ఉంది, కొట్టివేసిన చేయీ ఉంది. మీరా పదాల చరిత్ర అంతా ఆ రెండు చేతుల మధ్యనే నడిచింది.

ఈ పరిస్థితి తెలుగు విమర్శకు కొత్త కాదు. వేమన మకుటంతో ఉన్న పద్యాలన్నీ ఒక్క వేమన రాసినవేనా అన్న చర్చ సి.పి. బ్రౌన్ కాలం నుంచీ ఉన్నదే. నీతి చెప్పదలచినవారు, కపటాన్ని ఎండగట్టదలచినవారు తమ మాటకు వేమన మకుటాన్ని తగిలించారు. దానిని దొంగసరుకు అనడం సులభమే గాని, ఆ మకుటం జనానికి ఒక నిలబడే చోటు ఇచ్చిందని గుర్తిస్తేనే దాని పని అర్థమవుతుంది. మీరా ముద్ర కూడా అలాంటి చోటే. గ్రామంలో ఒక స్త్రీ తన గోడు పాడి చివర మీరా పేరు చేర్చినప్పుడు ఆమె కర్తృత్వాన్ని అపహరించడం లేదు. మీరా నిలిచిన చోట తానూ నిలిచి పలుకుతున్నది.

అన్నమయ్య పదాలు ఈ తులనకు మరొక కోణాన్ని ఇస్తాయి. వాటిని అన్నమయ్య కుటుంబం రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచింది. ఆ లోహం వల్లనే వేల పదాలు చెక్కుచెదరకుండా మనకు దక్కాయి. అయితే అవి శతాబ్దాల పాటు రేకులలోనే మౌనంగా ఉండి, 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి కృషితో మళ్లీ గొంతు పొందాయి. చాలా పదాల అసలు వరుసలు దక్కలేదు. లోహం పాఠాన్ని కాపాడింది, పాటను కాపాడలేకపోయింది. మీరా పదాల గతి ఇందుకు విలోమం. వాటికి రేకులు లేవు, భాండాగారం లేదు. పాట ఆగలేదు, పాఠం మాత్రం ప్రాంతానికొక తీరుగా మారింది. అన్నమయ్యను లోహం మోసింది, మీరాను గొంతు మోసింది. గొంతు మోసిన కవయిత్రికి ఇన్నాళ్లకు లోహం దొరకడం విశేషమే. అయితే ఆ లోహంపై ఉన్నది ఆమె బొమ్మ, ఆమె పదం కాదు.

5. పదాలలో బేరం, తూకం, ధనం

నాణేనికీ మీరాకూ సంబంధం మథుర ఉత్సవంతో మొదలైంది కాదు. ఆమె పేర ప్రసిద్ధమైన పదాలలో కొనుగోలు, తూకం, వెల, ధనం అనే భావనలు బలంగా ఉన్నాయి. గోవిందుడిని వెలపెట్టి కొన్నానని ఒక పదంలోని నాయిక చెబుతుంది. ఖరీదు ఎక్కువని కొందరు, తక్కువని కొందరు అంటారు. చాటుగా కొన్నదని లోకం అంటే, డప్పు మోగించి బహిరంగంగా కొన్నానని ఆమె జవాబు. త్రాసులో తూచి మరీ తీసుకున్నానంటుంది. మరొక ప్రసిద్ధ పదంలో ఆమెకు దొరికిన ధనం ఖర్చు చేస్తే తరగదు, దొంగలకు చిక్కదు, రోజురోజుకూ పెరుగుతుంది.

ఈ భాషను కేవలం భక్తి రూపకంగా చదివి వదిలివేయరాదు. నాటి రాచకుటుంబాలలో స్త్రీ తానే ఒక మారకపు విలువ. మేడతా, మేవాడ్ వంశాల పొత్తు మీరా వివాహంతో బిగిసింది. అటువంటి ఇంట ఇచ్చిపుచ్చుకునే వస్తువుగా ఉండవలసిన స్త్రీ, పదంలో తానే కొనుగోలుదారుగా నిలిచింది. వెల నిర్ణయించినది ఆమె, తూచినది ఆమె, నలుగురికీ చాటినది ఆమె. పాట అంతా బజారు భాషలో నడవడం యాదృచ్ఛికం కాదు. అంతఃపురం నుండి బజారుకు రావడమే ఆ పదంలోని కథ.

ఈ నేపథ్యంలో నాణేన్ని తిరిగి చూస్తే వైరుధ్యం తేటపడుతుంది. పదంలోని ధనం ఖర్చు చేసిన కొద్దీ పెరిగేది. స్మారక నాణెం ఖర్చు చేయకుండా దాచితేనే విలువ పెరిగేది. పదంలోని ధనానికి దొంగల భయం లేదు. నాణెం బీరువాలో ఉండవలసిందే. మీరా పదాలు తమ సొంత ద్రవ్యనీతిని ప్రతిపాదించాయి. ఆ నీతికి సరిగ్గా ఎదురుగా ఉన్న వస్తువు ఆమె స్మారకమైంది.

6. రాణా లేని మీరా

మీరా పేర ఉన్న పదాలలో గణనీయమైన భాగం ‘రాణా’ను సంబోధిస్తుంది. సంప్రదాయం ఆ రాణాను తరచుగా భర్త తమ్ముడైన విక్రమాదిత్యుడిగా గుర్తిస్తుంది. విషపాత్ర, పెట్టెలో పంపిన పాము, ఇల్లు విడిచిపొమ్మన్న మాట, వీటన్నిటికీ ఆ పదాలలో సమాధానం ఉంది. గిరిధరుడు ప్రేమకు ఆలంబనమైతే రాణా ప్రతిఘటనకు ఆలంబనం. ఈ రెండు ముఖాలూ కలిసినప్పుడే మీరా స్వరం పూర్తవుతుంది. గుండ్రని లోహబిళ్లపై ఒక్క బొమ్మకే చోటుంది. అక్కడ తన్మయత్వం నిలుస్తుంది, తగవు నిలవదు.

ఆ తగవు పాతకథ అని కొట్టివేయడానికి వీలు లేదు. పరితా ముక్తా 1994లో ప్రచురించిన అధ్యయనం రాజస్థాన్, సౌరాష్ట్ర ప్రాంతాలలో మీరా భజనలను ప్రధానంగా నేతపనివారు, తోలుపనివారు, రైతులు వంటి శ్రామిక కులాలవారు కాపాడుకున్నారని చూపింది. మేవాడ్ రాజపుత్ర సమాజంలో ఆమె పేరు చాలాకాలం అనుమానానికి, నిందకు గురైంది. హద్దు మీరిన స్త్రీని తిట్టడానికి ఆ పేరును వాడారు. చమార్ కులస్థుడైన రైదాసును మీరా గురువుగా చెప్పే భజనలు ఈ శ్రామిక సంప్రదాయంలో విశేషంగా వినిపిస్తాయి. మెట్టినింట చెల్లని కాసైన పేరు పేదల గుడిసెలలో చెల్లింది. ఈ దృష్టితో చూస్తే ప్రభుత్వ నాణెంపై ఆమె పేరు రావడం చిన్న విషయం కాదు. ఒక వంశం దాచదలచిన పేరును రాజ్యలాంఛనం పక్కన నిలపడం న్యాయమే. అయితే ఆ పేరును కాచినవారి ప్రస్తావన లేకుండా గౌరవించినప్పుడు, ఆ గౌరవం తెలిసో తెలియకో పాత అంతఃపురానికే తిరిగి చేరే ప్రమాదముంది.

తెలుగులో తరిగొండ వెంగమాంబ స్మృతి ఇందుకు దగ్గరి ఉదాహరణ. భర్త మరణించిన తరువాత శిరోముండనానికి అంగీకరించని స్త్రీగా సంప్రదాయం ఆమెను చెప్పుకుంటుంది. నేడు తిరుమలలో నిత్యాన్నప్రసాద భవనం ఆమె పేరుతో ఉంది. రోజూ వేలమంది ఆ పేరు కింద భోజనం చేస్తారు. వారిలో ఆమె నిరాకరణ ఎంతమందికి గుర్తుంటుందన్నది వేరే ప్రశ్న. గౌరవం పెరిగిన కొద్దీ ఘర్షణ మరుగున పడడం భక్తకవయిత్రుల విషయంలో తరచుగా కనిపించే పరిణామం.

7. రెండణాల బిళ్ల నుండి 525 రూపాయల నాణెం వరకు

స్వతంత్ర భారతం మీరాను అధికారికంగా స్మరించడం 2023లో మొదలు కాలేదు. 1952 అక్టోబరు 1న తపాలాశాఖ విడుదల చేసిన భక్తుల, కవుల వరుసలో ఆరు బిళ్లలున్నాయి. కబీరు తొమ్మిది పైలకు, తులసీదాసు అణాకు, మీరా రెండణాలకు, సూరదాసు నాలుగణాలకు, గాలిబు నాలుగున్నర అణాలకు, ఠాగూరు పన్నెండణాలకు వెలువడ్డారు. ఆ ఆరుగురిలో స్త్రీ మీరా ఒక్కతే. ఆ అంకెలకు కవుల జయంతులతో సంబంధం లేదు, అవి తపాలా ధరలు మాత్రమే. ఆ బిళ్ల ఉత్తరం మీద అంటుకొని, తపాలా ముద్ర దెబ్బ తిని, ఎవరి కబురునో ఎవరికో చేర్చడానికి ఉద్దేశించినది. మరకపడినా చిరిగినా అది తన పని చేసింది. మీరా పదం చేసిన పనీ అటువంటిదే.

అదే కాలంలో సినిమా మరొక దారి తెరిచింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి నటించి పాడిన ‘మీరా’ 1945లో తమిళంలో, 1947లో హిందీలో వెలువడింది. రాజస్థానీ, వ్రజ, గుజరాతీ నేలల పాటను దక్షిణాది ఇళ్లకు చేర్చడంలో ఆమె గొంతుది పెద్ద పాత్ర. అన్నమయ్య సంకీర్తనలను దేశమంతటా వినిపించినదీ ఆ గొంతే. సుబ్బులక్ష్మి శతజయంతికి కూడా స్మారక నాణేలు వచ్చాయి. వాటి సంగతి తెలియని ఇళ్లలోనూ ఆమె పాట ఈ ఉదయం కూడా మోగి ఉంటుంది. స్మారకానికీ చెలామణికీ ఉన్న తేడాకు ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

8. ముగింపు

పై పరిశీలన వలన కింది అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, మీరా స్మారక నాణెం చరిత్రలో చర్చనీయంగా ఉన్న జన్మసంవత్సరాన్ని ముఖవిలువగా, ఆధారం లేని ముఖాన్ని చిత్రంగా స్థిరపరచింది. తొలి ప్రస్తావనలు భద్రపరచిన ఎదిరింపు మాత్రం ఆ రూపంలో ఇమడలేదు.

రెండు, టంకశాల ముద్ర ఏకకర్తృత్వానికి, పదముద్ర సామూహిక గళానికి సంకేతాలు. మీరా పదాల ప్రామాణ్యాన్ని నాణెపు ప్రామాణ్యంతో కొలిచే విమర్శ, వేమన పద్యాల విషయంలో జరిగినట్లే, సంప్రదాయపు ప్రాణాన్ని దోషంగా లెక్కిస్తుంది.

మూడు, మీరా పదాలలోని కొనుగోలు, తూకం, ధన భావనలు స్త్రీని మారకపు వస్తువు స్థానం నుండి వెల నిర్ణయించే స్థానానికి తెచ్చాయి. దాచుకునే నాణెం ఆ భావనకు విరుద్ధమైన దిశలో పనిచేస్తుంది.

అందువల్ల నాణెం అక్కరలేదని ఈ వ్యాసం ప్రతిపాదించడం లేదు. మెట్టినింటివారు నిందగా మార్చిన పేరుకు వెండిపై చోటు దక్కడం సంతోషకరమే. ఆ పేరును నేతమగ్గాల దగ్గర, పొలాల గట్ల మీద కాచినవారి పాఠాలను సేకరించడం, రాణాను సంబోధించే పదాలను భక్తిపదాలతో సమానంగా బోధించడం ఆ గౌరవానికి కొనసాగింపు కావాలి. తెలుగు విశ్వవిద్యాలయాలలో తులనాత్మక భక్తిసాహిత్యం చదివే విద్యార్థులకు మీరా, వేమన, వెంగమాంబ ఒకే పాఠంలో ఎదురైతే ఈ చర్చ మరింత ముందుకు సాగుతుంది. టంకశాల తన ముద్ర వేసి పని ముగించింది. పాడేవారు ప్రతి పదం చివర మీరా ముద్ర వేస్తూనే ఉన్నారు.